ఊరి నడుమ సరిహద్దు: సెయింట్ గాలెన్ మఠనగరంలో ఒక నడక

స్విట్జర్లాండ్ ఈశాన్య మూలన ఉన్న సెయింట్ గాలెన్ నగరం చుట్టూ ఒకప్పుడు ప్రాకారం, అందులో పలు ద్వారాలు ఉండేవి. 19వ శతాబ్దంలో ఊరు పెరిగే కొద్దీ వాటిని ఒకటొకటిగా పడగొట్టారు. ముల్టర్ ద్వారం, స్పీజర్ ద్వారం లాంటివి ఇప్పుడు స్థలాల పేర్లుగా మాత్రమే మిగిలాయి. కూల్చివేత నుంచి తప్పించుకున్నది ఒక్కటే. అది మఠానికి దక్షిణాన ఉన్న కార్ల్ ద్వారం. విచిత్రమేమిటంటే, మిగిలిన ఆ ఒక్క ద్వారాన్నీ నగరం కట్టలేదు, నగరవాసుల కోసం కట్టనూ లేదు. 1569, 70 ప్రాంతంలో మఠాధిపతి తన రాకపోకల కోసం ఊరి ప్రాకారానికి గండి కొట్టించి పెట్టించుకున్న సొంత వాకిలి అది.

గైడ్లు సాధారణంగా కథెడ్రల్ ముందున్న పచ్చిక నుంచి నడక మొదలుపెడతారు. జంట గోపురాలు, గ్రంథాలయం, చెక్కిన గవాక్షాలున్న వీధులు, చివర్న ఒక సాసేజ్. చూడవలసినవన్నీ చూస్తాం కానీ అవి అక్కడ ఎందుకున్నాయో తెలియదు. కార్ల్ ద్వారం దగ్గర మొదలుపెడితే నడకకు ఒక ప్రశ్న దొరుకుతుంది. ఊరి మధ్యలో కాపురమున్న ప్రభువుకు ఊళ్లో కాలు పెట్టకుండా బయటపడే దారి ఎందుకు కావలసి వచ్చింది?

ఎందుకంటే ఈ ప్రాకారం లోపల ఉన్నది ఒక ఊరు కాదు, రెండు రాజ్యాలు. ఒకటి బెనెడిక్టైన్ సన్యాసుల మఠం. దాని అధిపతి పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో ప్రభువు హోదా ఉన్నవాడు, కేథలిక్. రెండోది నార బట్టల వ్యాపారుల స్వతంత్ర నగరం, ప్రొటెస్టెంట్. చిక్కు అంతటితో ఆగదు. నగరం నాలుగు వైపులా మఠాధిపతి రాజ్యంలో మునిగి ఉండేది. మఠం నాలుగు వైపులా నగరంలో మునిగి ఉండేది. వర్తకుడు ఊరి పొలిమేర దాటితే మఠాధిపతి నేల మీద ఉన్నట్టే. మఠాధిపతి తన ఆవరణ దాటితే మరో రాజ్యంలో అడుగు పెట్టినట్టే. ఒకరి పిడికిలిలో ఒకరు ఇరుక్కుని వాళ్లు శతాబ్దాల పాటు బతికారు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, భక్తికి గుర్తులుగా చూపించే కట్టడాల్లో చాలా వరకు హక్కుల దస్తావేజులుగా కనిపిస్తాయి.

ద్వారాన్నే చూడండి. బయటి ముఖం మీద పెద్ద శిల్పఫలకం ఉంది. శిలువ మీద క్రీస్తు, పక్కన మరియ, యోహాను, మఠ స్థాపకులైన గాలుస్, ఓట్మార్. వాళ్లతో పాటు పోప్, సామ్రాజ్యం, మఠాధిపతి ఓట్మార్ కుంజ్‌ల రాజచిహ్నాలు. పటాలనూ విగ్రహాలనూ తీసి పారేసిన ప్రొటెస్టెంట్ నగరపు గోడలో ఇంతమంది పునీతులను నిలబెట్టడం అలంకారం కోసం చేసిన పని కాదు. 1570లో మిలాన్ కార్డినల్ కార్లో బొరోమియో ఇక్కడికి వచ్చాడు. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి జవాబుగా కేథలిక్కులు నడిపిన ప్రతిసంస్కరణకు ఆయన పెద్ద దిక్కు. కార్లో అంటే జర్మన్‌లో కార్ల్, ఆయన పేరే ద్వారానికి స్థిరపడింది.

ద్వారం నుంచి కొంచెం పడమటికి వెళ్తే మ్యూలెనెన్ లోయ, అందులో స్టైనాక్ వాగు దూకే చోటు వస్తాయి. కథ మొదలైంది అక్కడే. ఐర్లండ్ సన్యాసి కొలంబానుస్ శిష్యబృందంతో ఈ ప్రాంతానికి వచ్చి, 612లో ఇటలీకి బయలుదేరాడు. జబ్బుపడిన గాలుస్ అనే శిష్యుడు వెనక ఉండిపోయాడు. వాగు వెంట నడుస్తూ ముళ్లపొదలో పడ్డాడనీ, అదే దైవ సంకేతమనుకుని అక్కడే గుడిసె వేసుకున్నాడనీ, ఒక ఎలుగుబంటి పొయ్యిలోకి కట్టెలు తెచ్చి ఇచ్చిందనీ ఐతిహ్యం. ఆ ఎలుగు నేటికీ నగరపు చిహ్నం. మఠం పుణ్యపురుషుడి కథలోని జంతువును మఠంతో పోరాడిన నగరం జెండా మీద పెట్టుకోవడం ఈ ఊరికి తగినదే. గాలుస్ నివసించిన చోట 719లో ఓట్మార్ అనే మతగురువు క్రమబద్ధమైన మఠాన్ని నెలకొల్పాడు. కొన్ని దశాబ్దాలకు అది సన్యాసుల జీవితానికి పునీత బెనెడిక్ట్ రాసిన నియమావళిని స్వీకరించింది.

ఆ తర్వాత భూములు వచ్చాయి. పరలోకం కోసమో, పొరుగువాడి నుంచి రక్షణ కోసమో చుట్టుపక్కల రైతులు, దొరలు తమ పొలాలను మఠానికి రాసిచ్చారు. చాలామంది రాసిచ్చిన పొలాన్నే ఏటా కొంత కట్టి మళ్లీ సాగుకు తీసుకున్నారు. మన గుళ్ల మాన్యాల చరిత్ర తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే: ఇక్కడి దేవుడి భూములు కాలక్రమాన సొంత న్యాయస్థానాలు, సుంకాలు, సైనికులు గల రాజ్యంగా మారాయి. 8 నుంచి 10వ శతాబ్దం దాకా రాసుకున్న ఆ దానపత్రాలు వందల సంఖ్యలో, అసలు చర్మపత్రాలతోనే, మఠ పత్రాగారంలో ఉన్నాయి. ఐరోపాలో అంత పాత దస్తావేజులు ఒకే చోట ఇన్ని మిగలడం చాలా అరుదు. పర్యాటకులు గ్రంథాలయానికి పరుగులు తీస్తారు కానీ మఠం బలం మొదట ఈ పత్రాల్లో ఉండేది.

అదే ఆవరణలో 2019 నుంచి ప్రదర్శిస్తున్న మరో చర్మపత్రం ఉంది. అయిదు ముక్కలు కుట్టి చేసిన, మీటరుకు పైగా పొడవున్న మఠం నమూనా పటం. 9వ శతాబ్దం తొలి భాగంలో రైషెనౌ మఠంలో గీసి, ఇక్కడి అధిపతి గోజ్‌బర్ట్‌కు పంపారు. చర్చి, పడక గదులు, బీరు కాచే చోటు, వైద్యుడి ఇల్లు, మూలికల తోట, కోళ్ల గూడు, అన్నీ ఎర్ర సిరాతో గీసి లాటిన్‌లో పేర్లు రాశారు. ఆ మఠాన్ని ఎవరూ ఎక్కడా అలాగే కట్టలేదు. 12వ శతాబ్దంలో ఎవరో దాని వెనక వైపు సెయింట్ మార్టిన్ జీవితచరిత్ర రాసుకుని మడిచి పుస్తకం చేశారు కాబట్టి పటం బతికింది. వెలుతురుకు పాడవకుండా సందర్శకులకు కొద్ది క్షణాలే చూపిస్తారు. ఆ కొద్ది క్షణాల్లో లేనిదాని కోసం వెతకండి. అంత వివరంగా గీసిన పటంలో శత్రువును ఆపే కోటగోడ కనిపించదు.

గోడ అవసరం 926లో తెలిసివచ్చింది. ఆ ఏడాది మే నెలలో హంగేరియన్ గుర్రపు దళాలు మఠం మీద పడ్డాయి. వాళ్లు వస్తున్నారని ముందే హెచ్చరించింది విబోరాడా అనే సన్యాసిని. ఇప్పటి సెయింట్ మాంగెన్ చర్చి దగ్గర, తలుపు లేకుండా మూసేసిన గదిలో ఏళ్ల తరబడి ఉన్న స్త్రీ ఆమె. ముందు పుస్తకాలను దాచండి, తర్వాత గిన్నెలూ వస్త్రాలూ అన్నది ఆమె సలహా. సన్యాసులు పుస్తకాలను రైషెనౌకు పంపి, తామూ ఒక కోటలోకి తప్పుకున్నారు. ఆమె గది వదలలేదు. దాడి చేసినవారు పైకప్పు విప్పి లోపలికి దిగి ఆమెను చంపారు. 1047లో పోప్ ఆమెను పునీతురాలిగా ప్రకటించాడు. రోమ్ నుంచి లాంఛనంగా ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమె. పుస్తకాలు తిరిగి వచ్చాయి. సంఖ్య సరిపోయింది గానీ పుస్తకాలు మాత్రం అవి కావని మఠ చరిత్రకారుడు ఎక్కెహార్డ్ ఒక చురక వేశాడు. గ్రంథాలయాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఎప్పుడూ ఇంతే కాబోలు.

ఆ దాడి తర్వాత, 10వ శతాబ్దం రెండో సగంలో, మఠాన్నీ దాని పక్కన పెరుగుతున్న చిన్న ఊరినీ కలిపి ప్రాకారం లేచింది. మఠాధిపతులే కట్టించారు. తర్వాత జరిగిన గొడవలన్నిటికీ మూలం ఈ మంచిపనిలోనే ఉంది. రాజునూ రేపటి వర్తకులనూ ఒకే గోడ లోపల పెట్టారు. రోజులు గడిచే కొద్దీ ఆ గోడను కాపలా కాసేది, మరమ్మతు చేసేది, తలుపుల తాళాలు దాచుకునేది ఊరివాళ్లయ్యారు.

ఇప్పుడు మఠం పడమటి వైపు నుంచి గాలుస్ చౌకులోకి, అక్కడినుంచి గాలుస్ వీధి, ష్మీడ్ వీధుల్లోకి నడవండి. వీధులు వంపు తిరిగి ఉంటాయి. మఠం చుట్టూ చేరిన ఇళ్లు తొలి ప్రాకారపు గుండ్రటి గీతను అలాగే నిలబెట్టాయి. ఇళ్ల ముందు నుంచి వీధిలోకి పొడుచుకు వచ్చిన చెక్క గవాక్షాలు ఈ ఊరి గొప్ప. నగరం లెక్కలో అవి 111. ష్మీడ్ వీధిలో పెలికన్ ఇంటి గవాక్షం మీద నాలుగు ఖండాలను మనుషుల రూపంలో చెక్కారు. స్పీజర్ వీధిలో ఒంటె ఉన్న గవాక్షం మరొకటి. వీటిని చేయించుకున్నది దొరలు కాదు, బట్టల వ్యాపారులు. పెద్ద భూస్వాములు లేని ఊళ్లో డబ్బు ప్రదర్శించడానికి ఉన్న చోటు ఇంటి ముఖమే. అయినా ఆ ఇంటి మిగతా గోడలు సాదాగానే ఉంటాయి. అంగట్లో పరువు, ఇంట్లో పొదుపు అన్న వాళ్ల లెక్క చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఆ డబ్బు నార నుంచి వచ్చింది. చుట్టుపక్కల గ్రామాల్లో రైతులు అవిసె పండించి నార తీసేవారు, వడికేవారు, నేసేవారు. పచ్చి బట్ట ఊళ్లోకి వచ్చాక నగర పరీక్షకులు గజం గజం చూసి, బాగున్నదాని మీద జి అక్షరం ముద్ర వేసేవారు. ఆ తర్వాత ఊరి చుట్టూ ఉన్న పచ్చిక మైదానాల్లో పరిచి, నీళ్లు చల్లుతూ వారాల తరబడి ఎండలో చలువ చేసేవారు. పాత చిత్రాల్లో ఊరి చుట్టూ పొడవాటి తెల్లని పట్టీలు కనిపిస్తాయి, అవి ఆరేసిన బట్టలే. జి ముద్ర ఉన్న బట్ట న్యూరెంబర్గ్ నుంచి లియోన్ దాకా అంగళ్లలో మారు ప్రశ్న లేకుండా అమ్ముడుపోయేది. 1418లో ఊరంతా కాలిపోయినా తిరిగి లేచి నిలబడగలిగింది ఈ వ్యాపారం వల్లే.

చేతిలో సొమ్ము చేరాక ఊరివాళ్లు మఠం అధికారాన్ని మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. చేతివృత్తుల సంఘాలు నగర పాలనను చేతిలోకి తీసుకున్నాయి. 1457లో బెర్న్ మధ్యవర్తిత్వంలో నగరం 7000 గుల్డెన్లు (నాటి నాణేలు) చెల్లించి, మఠాధిపతికి తన మీద మిగిలిన హక్కులను కొనేసింది. యుద్ధం చేయలేదు, వెల కట్టి కొన్నది. వర్తకుల తిరుగుబాటు అలాగే ఉంటుంది మరి. దానికి కొద్దిగా ముందు, 1451లో మఠం, 1454లో నగరం, విడివిడిగా స్విస్ సమాఖ్యతో మైత్రి ఒప్పందం చేసుకున్నాయి. అంటే ఇద్దరూ ఒకే కూటమిలో వేర్వేరు సభ్యులు. నగర న్యాయపరిధి నాలుగు శిలువలు నాటిన హద్దుల లోపల మాత్రమే. ఆ హద్దు అవతలి నుంచి కాన్‌స్టన్స్ సరస్సు దాకా, అటు పడమట విల్ దాకా మఠాధిపతిదే. బట్ట నేసే చేతులు ఆయన ప్రజలవి, ధాన్యం దిగే రోర్షాఖ్ రేవు ఆయనది. నగరం మటుకు బజారు, డబ్బు, ప్రాకారం, తాళాలు చేతిలో పెట్టుకుంది.

ఇదీ అసలు చిక్కుముడి. ఎవరూ ఎవరినీ మింగలేరు, ఎవరూ ఎవరినీ వదలలేరు.

దీన్ని తెగ్గొట్టాలని ప్రయత్నించినవాడు ఉల్రిష్ రోష్. వాంగెన్ పట్టణంలో రొట్టెలు కాల్చేవాడి కొడుకు. మఠం వంటింట్లో కుర్రవాడిగా చేరి 1463లో మఠాధిపతి అయ్యాడు. అప్పుల్లో ఉన్న మఠాన్ని గట్టెక్కించి, టోగెన్‌బుర్గ్ లోయను కొని రాజ్యాన్ని విస్తరించిన ఈ మనిషిని చరిత్రకారులు రెండో స్థాపకుడంటారు. ఆయన ఆలోచన సూటిగా ఉంది: ఊరివాళ్ల తాళాల కింద ఉండటం దేనికి, మఠాన్నే సరస్సు ఒడ్డున రోర్షాఖ్‌కు తరలిస్తే సరి. కట్టడం మొదలుపెట్టాడు కూడా. అప్పటిదాకా మఠం పీడ వదిలితే బాగుండుననుకున్న నగరం ఒక్కసారిగా ఉలిక్కిపడింది. మఠం వెళ్తే యాత్రికులు, బజారు, వాణిజ్యం దాని వెంటే వెళ్తాయి. 1489 జూలై 28న నగరవాసులూ, పక్కనున్న అపెన్‌జెల్ వాళ్లూ కలిసి రోర్షాఖ్ మీద పడి, కడుతున్న మఠాన్ని ధ్వంసం చేశారు. శత్రువు వెళ్లిపోతున్నాడని జరిగిన యుద్ధాలు చరిత్రలో ఎన్ని ఉన్నాయో గానీ ఇది మాత్రం ఒకటి. 1490లో మఠానికి రక్షకులైన సమాఖ్య రాజ్యాలు సేనతో వచ్చి నగరాన్ని లొంగదీశాయి. మేయర్ ఉల్రిష్ ఫార్న్‌బ్యూలర్ పారిపోయాడు. నగరం భారీగా పరిహారం కట్టింది. అయినా మఠం మాత్రం కదలలేదు. రోష్ మరుసటి ఏడాది పోయాడు.

మార్కెట్ వీధిలోకి వస్తే ఎత్తైన పీఠం మీద ఒక కంచు విగ్రహం. 1904లో శిల్పి రిషార్డ్ కిస్లింగ్ చేసింది. విగ్రహాలను తీసేయించిన మనిషికి విగ్రహం పెట్టారు. యోఆఖిమ్ ఫోన్ వాట్, లాటిన్‌లో వాడియాన్. ఈ ఊరి నార వ్యాపారి కుటుంబంలో 1484లో పుట్టి, వియెన్నాలో చదివి, అక్కడి విశ్వవిద్యాలయానికి రెక్టర్ అయ్యాడు. చక్రవర్తి మాక్సిమిలియన్ చేత కవిగా పట్టాభిషేకం పొందాడు. వైద్యం చదివి సొంత ఊరికి తిరిగివచ్చి నగర వైద్యుడయ్యాడు, తర్వాత మేయర్. జూరిక్‌లో జ్వింగ్లి మొదలుపెట్టిన మతసంస్కరణను 1520లలో ఇక్కడికి తెచ్చినవాడు ఈయనే. అంతకన్నా నాకు నచ్చే పని మరొకటి చేశాడు. పాత పత్రాలు తిరగేసి మఠాధిపతుల చరిత్ర రాశాడు. తొలి సన్యాసులను మెచ్చుకుంటూనే, దైవసేవ కోసం ఇచ్చిన భూములు ఎలా అధికారంగా మారాయో వరుసగా చూపించాడు. ప్రత్యర్థి చరిత్రను అంత శ్రద్ధగా రాసిన రాజకీయ నాయకులు ఎక్కువమంది ఉండరు.

విగ్రహం నుంచి మఠం వైపు నడిస్తే దారిలో సెయింట్ లారెంజెన్ చర్చి. 1527 ఈస్టరుకు సంస్కరణవాదుల తొలి ప్రభురాత్రి భోజన సంస్కారం ఇక్కడ జరిగింది. దీని గుమ్మం ముందు నిలబడి తల తిప్పితే మఠం గోపురాలు కొద్ది అడుగుల దూరంలోనే. నడకలో ఎక్కువసేపు ఆగవలసింది ఇక్కడే. రెండు రాజ్యాల, రెండు మతాల ప్రధాన ఆలయాల మధ్య దూరం ఒక వీధి. 1529 ఫిబ్రవరి 23న నగరవాసులు ఆ వీధి దాటి మఠం చర్చిలోకి వెళ్లారు. బలిపీఠాలు, విగ్రహాలు, చిత్రాలు పెకలించి, బండ్ల మీద వేసుకెళ్లి కాల్చేశారు. సన్యాసులు ఊరు విడిచారు. నగరం గెలిచిందనిపించింది. కానీ 1531లో కాపెల్ దగ్గర జ్వింగ్లి హతుడై ప్రొటెస్టెంట్ పక్షం ఓడిపోగానే లెక్క తిరగబడింది. 1532లో మఠాధిపతి డీట్‌హెల్మ్ బ్లారర్ తన మఠానికి తిరిగి వచ్చాడు, నగరం పరిహారం ఇచ్చుకుంది.

ఇలా చెరొకసారి ఓడిన తర్వాత ఇద్దరికీ ఒక విషయం తలకెక్కింది. 1566లో విల్ పట్టణంలో ఒప్పందం కుదిరింది. ఒకరి పరిధిలో ఒకరికి మిగిలిన హక్కులను తెంచుకున్నారు. మఠం ఆవరణకూ ఊరికీ మధ్య విభజన గోడ కట్టారు. మఠాధిపతి నగరం మీదుగా పోనక్కర లేకుండా ప్రాకారంలో తన సొంత ద్వారం పెట్టుకునేందుకు నగరం ఒప్పుకుంది. కార్ల్ ద్వారం పుట్టుక ఇదే.

అసహనానికి గుర్తుగా ఈ విభజన గోడను చూపించడం ఇప్పటి అలవాటు. నాకు అలా అనిపించదు. 1489లోనూ 1529లోనూ ఒకరి మీద ఒకరు చేయి చేసుకున్నవాళ్లు, గోడ లేచాక రెండు శతాబ్దాలకు పైగా పక్కపక్కనే ఉండి కూడా ఊచకోతలకు దిగలేదు. అదే కాలంలో ఫ్రాన్సులో, జర్మన్ రాజ్యాల్లో మతయుద్ధాలు లక్షల ప్రాణాలు తీశాయి. ప్రేమ కుదరదని తెలిశాక హద్దులు స్పష్టంగా గీసుకోవడం చిన్న తెలివేమీ కాదు. వియ్యపురాళ్ల మధ్య దడి కూడా కొన్ని ఇళ్లను నిలబెట్టింది.

గోడ ఉన్నంత మాత్రాన గిల్లికజ్జాలు ఆగలేదు. నగర పౌరుడు ప్రొటెస్టెంట్ అయి ఉండవలసిందే. ఆవరణ లోపల కేథలిక్ పూజలు యథావిధిగా సాగేవి. చుట్టుపక్కల గ్రామాల కేథలిక్కులు మఠానికి ఊరేగింపుగా రావాలంటే మాత్రం నగర వీధుల్లోంచే దారి. శిలువను పైకెత్తి పట్టుకుని నడవవచ్చా, దించి పట్టుకోవాలా? 1697లో శిలువలు ఎత్తి వచ్చిన ఊరేగింపును నగరవాసులు అడ్డుకున్నారు. మఠాధిపతి లెయోడెగార్ బ్యూర్‌గిసర్ మనుషులను సమీకరించి ఊరికి వెళ్లే దారులు మూయించాడు. నగరం ఫిరంగులు సిద్ధం చేసుకుంది. సమాఖ్య మధ్యవర్తులు వచ్చి సర్దుబాటు చేశారు. చరిత్రలో దాని పేరు శిలువల యుద్ధం, యుద్ధం మాత్రం జరగలేదు. చిల్లరగా కనిపించే ఈ తగాదాలో ఉన్న ప్రశ్న చిన్నది కాదు: నా వీధిలో నీ మతం ఏ రూపంలో కనిపించవచ్చు? ఆ ప్రశ్న ఇంకా చాలా ఊళ్లలో తేలలేదు.

అసలు యుద్ధం వచ్చింది ఊరి నుంచి కాదు. అదే బ్యూర్‌గిసర్, కేథలిక్ రాజ్యమైన ష్విజ్‌తో కలిపే రికెన్ కనుమ దారిని వేయడానికి టోగెన్‌బుర్గ్ రైతులను వెట్టికి పిలిచాడు. ఆ లోయలోని వాట్‌విల్ ఊరివాళ్లు రామన్నారు. అక్కడి ప్రొటెస్టెంట్ల పక్షాన జూరిక్, బెర్న్ నిలబడ్డాయి. 1712లో వాళ్ల సేనలు మఠాన్ని ఆక్రమించాయి. మఠాధిపతి పారిపోయి, రాజీకి ఒప్పుకోకుండా 1717లో ప్రవాసంలోనే పోయాడు. ఆ సేనలు వెళ్తూ గ్రంథాలయాన్ని బండ్లకెత్తుకున్నాయి. 1718 సంధి తర్వాత చాలా భాగం తిరిగి వచ్చింది. జూరిక్ మాత్రం కొన్ని రాతప్రతులనూ, భూమినీ ఆకాశాన్నీ కలిపి చిత్రించిన 2.3 మీటర్ల గోళాన్నీ అట్టేపెట్టుకుంది. 1595లో మఠం కొన్న ఆ గోళం గురించి వాదం దాదాపు మూడు శతాబ్దాలు నడిచి, 2006లో తేలింది. తీర్పు ఆ ఊరి సంప్రదాయానికి తగ్గట్టే ఉంది. ఆస్తి జూరిక్‌ది, దాని మీద మమకారం సెయింట్ గాలెన్‌ది అని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. కొన్ని రాతప్రతులు దీర్ఘకాలపు అరువు మీద ఇటు వచ్చాయి. అసలు గోళం జూరిక్ జాతీయ మ్యూజియంలోనే ఉండగా, జూరిక్ ఖర్చుతో చేసిన నకలు 2009లో సెయింట్ గాలెన్ చేరింది. నకలు పక్కన నిలబడి ఫోటో తీసుకునేవారికి ఈ కథ తెలిస్తే బాగుంటుంది.

ఇప్పుడు కథెడ్రల్ లోపలికి వెళ్లవచ్చు. చాలామంది దీన్ని మధ్యయుగపు కట్టడం అనుకుంటారు. పీటర్ థూంబ్ రూపొందించిన గుండ్రటి మధ్యభాగం, 68 మీటర్ల జంట గోపురాలు, పచ్చరంగు గచ్చు అలంకారాలు, గుమ్మటం నిండా నల్లని మేఘాల మధ్య స్వర్గం, అంతా 1755, 1766 మధ్య కట్టింది. పాత చర్చిని కూల్చి కట్టారు. మఠం రద్దు కావడానికి యాభై ఏళ్లే ఉంది. పక్కనున్న కొత్త ప్రాసాదం 1760ల చివరిది. అప్పటి మఠాధిపతి ఒక ప్రభువు. వియెన్నా నుంచో, పారిస్ నుంచో వచ్చిన రాయబారిని కూర్చోబెట్టే గది కావాలి. 1712లో కళ్ల ముందే కొల్లగొట్టబడ్డ మఠం, తాను ఇంకా రాజ్యమేనని రాతితో ప్రకటించింది. ఊరివాళ్లకు విభజన గోడ మీదుగా గోపురాలు కనిపించేవి. అవి అంత ఎత్తుండటానికి దేవుడొక్కడే కారణం కాదని నా అనుమానం. ఈ ఆర్భాటం మధ్య ఒక చిన్న వస్తువు పట్టించుకోండి: రేకుతో చేసిన పాత చేతిగంట, గాలుస్ వెంట వచ్చిందని నమ్మేది. ఐరోపాలో మిగిలిన అతి ప్రాచీన గంటల్లో ఒకటి.

గ్రంథాలయం గురించి అందరూ రాస్తారు కనుక క్లుప్తంగా. చెప్పుల మీద మెత్తని తొడుగులు వేసుకుని నడవాలి. గుమ్మం మీద గ్రీకులో ‘ఆత్మ చికిత్సాలయం’ అని ఉంటుంది. దాదాపు 2100 రాతప్రతులు, వాటిలో సుమారు 400 క్రీ.శ. 1000కి ముందువి. జర్మన్ భాషలో మిగిలిన అతి పాత పుస్తకంగా చెప్పే లాటిన్-జర్మన్ పదకోశం ఇక్కడిదే. 1416లో ఇటలీ నుంచి వచ్చిన పోజ్జో బ్రాచ్చొలీని, ప్రాచీన రోమన్ రచయిత క్వింటిలియన్ రాసిన అలంకారశాస్త్రపు పూర్తి ప్రతిని ఇక్కడే కనుక్కుని, అది పడివున్న తీరు చూసి సన్యాసులను నానా మాటలూ అన్నాడు. అద్దాల పెట్టెలో ఉన్న ఈజిప్టు మమ్మీ షెపెనేసే 19వ శతాబ్దంలో వచ్చి చేరింది. ఆమెను స్వదేశానికి పంపాలన్న చర్చ కొన్నేళ్లుగా నడుస్తోంది.

చివరి అంకం తుపాకులతో కాదు, ఓట్లతో ముగిసింది. 1798లో ఫ్రెంచి సేనల నీడన పాత సమాఖ్య కూలింది. 1803లో నెపోలియన్ నగరాన్నీ, మఠ భూముల్నీ, టోగెన్‌బుర్గ్‌నూ, సంబంధం లేని మరికొన్ని ప్రాంతాల్నీ కలిపి సెయింట్ గాలెన్ అనే రాష్ట్రాన్ని కుట్టాడు. దాన్ని నడిపినవాడు కార్ల్ మ్యూలర్-ఫ్రీడ్‌బెర్గ్. ఒకప్పటి మఠాధిపతి ఉద్యోగి, మఠ రాజ్యపు అధికారి కొడుకు. లోపలి గుట్టు తెలిసినవాడు కాబట్టే మఠం తిరిగి లేస్తే కొత్త రాష్ట్రం నిలవదని గ్రహించాడు. చివరి మఠాధిపతి పంక్రాజ్ ఫోర్స్టర్ మరోవైపు పట్టు విడవలేదు. సన్యాసుల మఠంగా మాత్రమే ఉండిపోతామని ఆయన ఒప్పుకుని ఉంటే ఏమయ్యేదో; ప్రభుత్వాధికారం లేని మఠాన్ని ఆయన ఊహించలేకపోయాడు. 1805 మే 8న శాసనసభ మఠాన్ని రద్దు చేసింది. అనుకూలం 36, వ్యతిరేకం 33. వెయ్యేళ్లకు పైబడిన మఠం మూడు ఓట్లతో పోయింది. విభజన గోడ కొన్నాళ్లకు లేకుండా పోయింది, తర్వాత నగర ప్రాకారం కూడా. 1847 నుంచి మఠం చర్చి బిషప్ కథెడ్రల్. 1983లో మఠ ఆవరణ యునెస్కో జాబితాకెక్కింది.

ఆవరణ మధ్య పచ్చికలో నిలబడి చుట్టూ చూస్తే ఇప్పుడు ఏ హద్దూ కనిపించదు, పిల్లలు ఆడుకుంటుంటారు. ఆస్తి పత్రాల్లో మాత్రం కథ నడుస్తూనే ఉంది. మఠాధిపతి కొత్త ప్రాసాదంలో రాష్ట్ర ప్రభుత్వం, శాసనసభ ఉన్నాయి. కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఏ మతం లేనివాళ్లూ కలిసి అక్కడ పద్దుల మీద వాదించుకుంటారు. గ్రంథాలయం రాష్ట్ర కేథలిక్ సంస్థది. బిషప్ నివాసం ఆవరణలోనే. వాడియాన్ నగరానికి ఇచ్చిన పుస్తకాల సేకరణ మఠం గ్రంథాలయంలో కలవలేదు, నేటికీ నగరపు పాత పౌర కుటుంబాల సంఘం ఆస్తి. సెయింట్ లారెంజెన్ ప్రొటెస్టెంట్ సంఘానిది. ఎవరి పొలం ఎవరిదో, ఎవరి అధికారం ఎక్కడిదాకానో రాసివున్న ఆ పాత దానపత్రాల పత్రాగారానికి మాత్రం ఇద్దరు యజమానులు, రాష్ట్రమూ కేథలిక్ సంస్థా, ఉమ్మడిగా.